సెల్ఫ్ తీసుకోలేదని బ్యాటరీని తిట్టకండి

తిరుపతి

చిరంజీవులు చిన్నోడికీ, అమ్మణ్ణికీ పెద్దనాయన ఆశీస్సులు.

కారు బ్యాటరీ మీద ఉండే అంకెలకు అర్థమేమని అడిగారు గదా. అది రాస్తాను. మీరు అడగని ఇంకో సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే మొదటిది తెలిసి రెండోది తెలియకపోతే డబ్బు దండగ. కొత్త బ్యాటరీ బిగించిన వారానికే మళ్లీ టక్ టక్‌మని మొరాయించే కార్లు ఊళ్లో బోలెడు. వాటిలో చాలావాటికి జబ్బు బ్యాటరీలో ఉండదు, దానికి తగిలించిన తీగల్లో ఉంటుంది.

ముందు అంకెలు. మన కరకంబాడిలోనే అమరరాజా ఫ్యాక్టరీ ఉంది కాబట్టి అమరాన్ పేరు మీకు కొత్తేమీ కాదు. అదైనా, ఇంకే కంపెనీదైనా లేబులు మీద చూడాల్సినవి ఇవే.

చిన్న పెట్రోలు కార్లలో ఎక్కువగా కనబడేది 35 ఏహెచ్. అంటే యాంపియర్ అవర్. 35 యాంపియర్లు గంటసేపు ఇస్తుందని చాలామంది అనుకుంటారు. తప్పు. ఆ లెక్క 20 గంటల మీద కట్టింది. 35ని 20తో భాగిస్తే 1.75. అంటే 1.75 యాంపియర్ల చొప్పున 20 గంటలు లాగితే 35 ఏహెచ్ వస్తుంది. తొందరగా లాగితే అంత రాదు.

దీన్ని అలిపిరి దగ్గర పెట్టి చూడండి. అక్కడ కారు నిలిపి మెట్లెక్కి కొండకు పోయినవాళ్లు దర్శనం చేసుకుని మర్నాడు దిగొస్తారు. లోపలి లైటు ఆర్పడం మరిచిపోయారనుకోండి. 5 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 0.4 యాంపియర్లు తింటుంది. 24 గంటలకు దాదాపు 10 ఏహెచ్. మిగిలిన 25తో కొత్త బ్యాటరీ బండిని లేపుతుంది. మూడేళ్ల పాతదైతే దాని అసలు సత్తువ 35 దగ్గర ఎప్పుడో దిగిపోయి ఉంటుంది గనక అనుమానమే. మరిచిపోయింది హెడ్‌లైట్లయితే రెండూ కలిపి 9 యాంపియర్లకు పైనే. మూడు గంటలు చాలు, ఎంత కొత్త బ్యాటరీ అయినా చేతులెత్తేస్తుంది.

రెండో అంకె ఆర్‌సీ, రిజర్వ్ కెపాసిటీ. ఇది నిమిషాల్లో ఉంటుంది. నిండా చార్జయిన బ్యాటరీ నుంచి 25 యాంపియర్లు లాగుతూ పోతే 10.5 వోల్టులకు పడిపోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఆ లెక్క. రాత్రిపూట చిత్తూరు రోడ్డులో డైనమో, అంటే నడిచే బండిలో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటరు, పనిచేయడం మానేస్తే, లైట్లూ వైపర్లూ వేసుకుని ఎంతసేపు నడపొచ్చో చెప్పే అంకె ఇది. ఒక బ్యాటరీకి ఆర్‌సీ 60 నిమిషాలనుకోండి. గంటసేపు 25 యాంపియర్లు, అంటే 25 ఏహెచ్. లేబులేమో 35 అంటోంది. మిగతా 10 ఏమైంది? ఎక్కడికీ పోలేదు. వేగంగా లాగినప్పుడు ఆమ్లం ప్లేట్ల లోపలి పొరల దాకా చేరకముందే వోల్టేజీ పడిపోతుంది. కాసేపు వదిలేస్తే కొంత తేరుకుంటుంది కూడా. మొరాయించిన బండి పది నిమిషాలాగితే ఒక్కసారి లేచేది అందుకే.

మూడోది సీసీఏ, కోల్డ్ క్రాంకింగ్ యాంప్స్. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్లపాటు, 7.2 వోల్టులకు తగ్గకుండా ఎన్ని యాంపియర్లు ఇవ్వగలదో చెప్పేది. మైనస్ 18 అంటే మీకు నవ్వొస్తుందేమో. హార్సిలీ హిల్స్ ఎక్కినా మనకు నీళ్లు గడ్డకట్టవు. అయినా ఆ అంకెను కొట్టిపారేయకండి. ఏహెచ్ అంటే కుండలో నీళ్లెన్ని అని, సీసీఏ అంటే ఆ కుండ మూతి ఎంత వెడల్పని. ఒకే సైజు బ్యాటరీలు రెండుంటే సీసీఏ ఎక్కువున్నదాన్ని తీసుకోండి. డీజిల్ బండికి మరీ ముఖ్యం. ఒక మెలిక ఉంది: ఒకే బ్యాటరీకి డిన్ అనే జర్మనీ పద్ధతిలో రాసిన అంకె చిన్నది, ఎస్ఏఈ అనే అమెరికా పద్ధతిలో పెద్దది. ఒక పద్ధతి అంకెను ఇంకో పద్ధతి అంకెతో పోల్చి బేరమాడొద్దు.

మన ఊరి బ్యాటరీకి శత్రువు చలి కాదు, ఎండ. మేలో డాంబరు రోడ్డు మీద, బోనెట్ కింద ఉడికే బ్యాటరీలో లోపలి సీసపు జల్లెడ తొందరగా తుప్పుపడుతుంది, నీళ్లు ఆవిరవుతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని మోటు లెక్క. ఎండలో చెడిపోయినా, బయటపడేది వానాకాలంలోనో మార్గశిరం తెల్లవారుజామునో.

ఇక 38బీ20ఎల్ లాంటి గుర్తులు. ఇది జపాను పద్ధతి. మొదటి 38 బలానికి ఇచ్చిన ర్యాంకు, ఏహెచ్ కాదు. అక్కడే చాలామంది బోల్తా పడతారు. బీ అన్నది వెడల్పు, ఎత్తుల తరగతి. 20 అంటే పొడవు, సుమారు 20 సెంటీమీటర్లు. చివరి ఎల్ లేదా ఆర్ ప్లస్ ఏ పక్కనుందో చెబుతుంది. అది తారుమారైతే తీగ అందదు, లాగి అందిస్తే ఎక్కడో రాసుకుంటుంది. పాతదాని ఫోటో తీసుకుని పోండి, అంతే. ట్రాఫిక్‌లో ఇంజిను దానంతటదే ఆగి లేచే కార్లకు మాత్రం ఆ పనికి తట్టుకునేలా చేసిన ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీయే వేయాలి. మామూలుది వేస్తే దాని ఉసురు తీసినట్టే.

సరే, బండి లేవలేదు. వెంటనే బ్యాటరీ అంగడికి పరిగెత్తకండి. వోల్టులు కొలిచే మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, బండి ఆపి కొన్ని గంటలైన తర్వాత చూడండి. 12.6 ఉంటే నిండా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 సగం, 12 పావు. ఇంజిను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగున్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీని అనుమానించాలి. బ్యాటరీ మీద పచ్చగా మెరిసే కన్నును మాత్రం మరీ నమ్మొద్దు, లోపలుండే ఆరు గదుల్లో అది చూసేది ఒక్కదాన్నే.

బ్యాటరీ 12.6 చూపిస్తోంది, సెల్ఫ్ మాత్రం ఈడుస్తోంది. తీగల సంగతి ఇక్కడ మొదలవుతుంది. బళ్లో చదువుకున్న ఓమ్ సూత్రం పనికొచ్చే చోటు కూడా ఇదే. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 150 యాంపియర్లు లాగుతుందనుకుందాం. తీగలో ఎక్కడో తుప్పుపట్టి 0.01 ఓమ్ అడ్డం వచ్చింది. ఎంత చిన్నది, మీ మల్టీమీటరు దాన్ని సున్నా అనే చూపిస్తుంది. కానీ 150 ఇంటూ 0.01 అంటే 1.5 వోల్టులు దారిలోనే ఖర్చు. 225 వాట్లు ఆ కీలు దగ్గర వేడిగా మారిపోతాయి. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అందుకే తీగను ఓమ్‌లలో కొలవొద్దు. కరెంటు పారుతుండగా వోల్టులు ఎంత పోతున్నాయో కొలవాలి.

ఆ పరీక్ష ఇలా చేయాలి. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయండి. ఇంజిను లేవకుండా పెట్రోలు పంపు ఫ్యూజు తీసేయండి. మీటరు ఎర్ర సూదిని బ్యాటరీ ప్లస్ సీసపు గుబ్బ మీదే పెట్టాలి, తీగ చివర ఆ గుబ్బను పట్టుకునే క్లాంపు మీద కాదు. నల్ల సూది సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టు మీద. ఒకరు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. 0.5 వోల్టు దాటితే ప్లస్ దారి చెడింది. తర్వాత నల్ల సూది మైనస్ గుబ్బ మీద, ఎర్రది ఇంజిను ఇనుము మీద. 0.3 దాటితే ఎర్త్ దారి, అంటే మైనస్ దారి, చెడింది. ఆపైన గుబ్బకూ దాని క్లాంపుకూ మధ్య చూడండి, అక్కడ 0.1 కూడా ఎక్కువే. ఎర్త్ అంటే బ్యాటరీ నుంచి బాడీకి పోయే తీగ ఒక్కటే కాదు. బాడీ నుంచి ఇంజినుకో గేరుబాక్సుకో ఇంకో పట్టీ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది తెగితే కరెంటు వేరే దారి వెతుక్కుని యాక్సిలరేటరు తీగలోంచో క్లచ్చి తీగలోంచో పోతుంది. ఆ తీగలు కాలాయంటే చూడాల్సింది ఆ పట్టీనే.

క్లాంపు మీద తెల్లటి పొడి సీసపు సల్ఫేటు. నీలం, ఆకుపచ్చ కలిసినది రాగి సల్ఫేటు, అంటే మన టమోటా రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తమే. తీగలోని రాగిని ఆమ్లం తింటే పుట్టింది. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి రుద్దకండి, అది కూడా పులుపే, ఆమ్లమే. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోయండి. బుసబుసమని పొంగి విరిగిపోతుంది. బ్యాటరీ మూతల రంధ్రాల్లోకి మాత్రం చుక్క పోకూడదు.

శుభ్రం చేసినా అంకె తగ్గకపోతే తీగ మార్చాలి. క్లాంపు దగ్గర కోసి, మిగతా తీగకు అంగట్లో దొరికే బోల్టు క్లాంపు తగిలించడం తాత్కాలికం. ఆమ్లం తొడుగు కింద వత్తిలో నూనెలా పైకి పాకి ఉంటుంది. కోసి చూడండి, రాగి తళతళలాడకుండా నల్లగానో పచ్చగానో ఉంటే మొత్తం పోయినట్టే.

కొత్త తీగ పాతదానికన్నా సన్నం ఉండకూడదు. చిన్న పెట్రోలు కారుకు 25 చదరపు మిల్లీమీటర్ల రాగి, డీజిల్‌కు 35. 25 తీగలో మీటరుకు 150 యాంపియర్ల దగ్గర 0.1 వోల్టు పోతుంది. 10 తీగ వేస్తే 0.26. వెల్డింగ్ కేబులు వాడొచ్చు, మెత్తగా వంగుతుంది, కానీ అసలు రాగిదే అడగండి. తమాషా ఏమంటే తీగల అంగట్లో కూడా సీసీఏ అనే మాట వినబడుతుంది. అక్కడ దాని అర్థం రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అది వద్దు.

పొడవు పాత తీగ పోయిన దారిలోనే తాడుతో కొలిచి, ఇంజిను ఊగడానికి కాస్త వదులు ఉంచండి. చివరలకు ట్యూబ్ లగ్గులు, అంటే తీగ కొనకు తొడిగి బోల్టుకు బిగించే గొట్టాలు, 25 తీగకు 8 మిల్లీమీటర్ల బోల్టు రంధ్రమున్నవి. బోల్టు సైజు ముందే చూసుకోవాలి. లగ్గు గొట్టం ఎంత లోతుందో అంతే తొడుగు ఒలిచి, హైడ్రాలిక్ క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించండి. సుత్తితో కొట్టింది, కటింగ్ ప్లేయరుతో నొక్కింది నిలవదు. లోపల జిగురున్న, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే తేమ దూరదు. ప్లస్ క్లాంపు మీదే ఫ్యూజుల డబ్బా కూర్చున్న కార్లూ, మైనస్ క్లాంపుకు సెన్సరున్న కార్లూ ఉన్నాయి. వాటికి కంపెనీ తీగే కొనండి, అక్కడ సొంత తెలివి చూపొద్దు.

బిగించే రోజున ఉంగరం, కడియం, స్టీలు వాచీ తీసి జేబులో వేసుకోండి. స్పానరు, ఉంగరం కలిసి ప్లస్సునూ బాడీనీ తాకితే ఉంగరం ఎర్రగా కాలుతుంది, వేలి మీద ఉండగానే. చార్జయ్యే బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి అగ్గిపుల్ల, బీడీ దగ్గరికి రానివ్వొద్దు. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. బండి ఆపి తాళంచెవి బయటికి తీసి మూడు నిమిషాలాగి, 10 నంబరు స్పానరుతో ముందు మైనస్ విప్పండి. ఎందుకంటే ముందు ప్లస్ విప్పుతుంటే స్పానరు బాడీకి తగిలిందా, బ్యాటరీ కరెంటంతా దాంట్లోంచే పోతుంది. మైనస్ తీసేస్తే తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు తిరగేసి: ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న.

బోల్టు కింద రంగు గీకి ఇనుము మెరవాలి, రంగు మీద కూర్చున్న ఎర్త్ ఎర్త్ కాదు. క్లాంపును గుబ్బ మీద సుత్తితో కొట్టి దించొద్దు, లోపలి అతుకు విరుగుతుంది. స్క్రూడ్రైవరుతో నోరు వెడల్పు చేసి దించండి. ప్లస్ గుబ్బ మైనస్ కన్నా లావు, అది పొరపాటు పడకుండా కావాలనే చేసింది. సన్న గుబ్బల బ్యాటరీకి లావు క్లాంపు వేసి, సందులో మేకో రేకు ముక్కో దూర్చే అలవాటు ఒకటుంది మనవాళ్లకు. దానికోసం సీసపు తొడుగులు దొరుకుతాయి, అవి వేయండి. చేత్తో తిప్పితే కదలనంత బిగువు చాలు, గుబ్బ మెత్తటి సీసం. వాజలైన్ బిగించిన తర్వాతే, పైపైన.

ఆ వోల్టుల పరీక్షే ఇంకోసారి చేసి, ఆ తర్వాత ఫ్యూజు మళ్లీ పెట్టండి. పాత అంకె, కొత్త అంకె రెండూ కాగితం మీద రాసుకోండి. గడియారం మళ్లీ సర్దుకోవాలి, కొన్ని కార్లలో అద్దాల బటను కూడా. మొదటి రోజు ఇంజిను కాస్త ఎగుడుదిగుడుగా నడిచినా కంగారుపడొద్దు. పాత బ్యాటరీ మార్చాల్సే వస్తే దాన్ని ఇనుప సామాన్లవాడికి కాకుండా కొన్న అంగట్లోనే ఇచ్చేయండి, బిల్లులో ధర తగ్గిస్తారు. ఆ రెండు అంకెలూ నాకు రాసి పంపండి.

ఇట్లు
మీ పెద్దనాయన