చిన్న రివాల్వర్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

గత శనివారం షూటింగ్ రేంజ్‌లో నేను నేర్పే గన్ క్లాసుకి ఒక జంట వచ్చారు. డాలస్‌కి గంట దూరంలో చిన్న స్టోర్ నడుపుతున్నారు. ఇద్దరికీ గ్రీన్ కార్డులు ఉన్నాయి. ఇది ఎందుకు చెప్తున్నానో కింద వస్తుంది. రాత్రి పది దాటాక క్యాష్ లెక్కపెట్టి తాళం వేసేది ఆవిడే. రెండు నెలల కింద పక్క వీధిలో షాపు దోచుకున్నారట, అప్పట్నుంచి ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు. ఆయన కొత్త రివాల్వర్ పెట్టె బల్ల మీద పెట్టి, "షాపులో ఉన్నవాటిలో ఇదే అన్నిటికన్నా తేలిక అక్కా. లేడీస్‌కి ఇదే ఈజీ అన్నాడు షాపతను" అన్నారు.

ఆవిడ మూడు రౌండ్లు పేల్చింది. మూడోది పేలాక రివాల్వర్ కింద పెట్టేసి, బొటనవేలి మొదట్లో కందిన చోట రుద్దుకుంటూ "నాకు వచ్చే విద్య కాదులే అక్కా ఇది" అంది.

ఈ మాట వినీ వినీ నాకు కడుపు మండిపోతోంది. ఆవిడ మీద కాదు, ఆవిడ చేతిలో ఆ గన్ పెట్టించిన మాట మీద.

అపోహ: చిన్నది, తేలికైనది అయితే కొత్తవాళ్లకి, ఆడవాళ్లకి సులువు.

వాస్తవం: మోయడానికి సులువు. పేల్చడానికి అన్నిటికన్నా కష్టం.

ఒకే తూటాని రెండు గన్‌లలో పేల్చారనుకోండి. బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెట్టింపు అవుతుంది. చేతిలో 400 గ్రాముల అల్యూమినియం ఫ్రేమ్ రివాల్వర్ ఉంటే, 620 గ్రాముల స్టీల్ రివాల్వర్ కన్నా అదే .38 స్పెషల్ రకం తూటా ఒకటిన్నర రెట్లు గట్టిగా తంతుంది. పైగా చిన్న గన్‌కి చిన్న గ్రిప్ ఉంటుంది, చిటికెన వేలికి చోటుండదు. ఆ దెబ్బంతా బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న మెత్తటి చోటే తగులుతుంది. ఆవిడకి కందింది సరిగ్గా అక్కడే.

దెబ్బ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. ట్రిగ్గర్ సంగతి ఎవరూ చెప్పరు. చిన్న డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో (ట్రిగ్గర్ లాగితే, తూటాని పేల్చే హ్యామర్ తనే వెనక్కి లేచి పడే రకం) ట్రిగ్గర్ లాగడానికి కావాల్సిన బలం సాధారణంగా 10 నుంచి 12 పౌండ్లు, అంటే దాదాపు అయిదు కిలోలు. గన్ బరువేమో అర కిలో కూడా లేదు. అర కిలో వస్తువుని కదలకుండా పట్టుకుని, అందులోని ఒక భాగాన్ని అయిదు కిలోల బలంతో వెనక్కి లాగాలి. గన్ ఊగిపోక ఏం చేస్తుంది? పైగా గురి చూసే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం నాలుగైదు అంగుళాలకి మించదు కాబట్టి, చెయ్యి కొంచెం వణికినా గుండు ఎటో పోతుంది. ఇన్నేళ్లుగా పేలుస్తున్నాను, నాకే ఇప్పటికీ ఇలాంటి గన్‌తో పది గజాల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సి వస్తుంది. తెలిసినవాళ్లు ఎంచుకోవాల్సిన గన్‌ని తెలియనివాళ్ల చేతిలో పెడుతున్నాం.

ఇక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు. దెబ్బకి భయపడిన చెయ్యి, పేలకముందే బిగుసుకుపోవడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు ఒకసారి పడిందంటే వదిలించడానికి నెలలు పడుతుంది. చాలామంది అంతదాకా కూడా రారు. గన్ డ్రాయర్‌లోకి వెళ్తుంది, మనిషి మళ్లీ రేంజ్‌కి రారు. అవసరం పడిన రోజున ఆ డ్రాయర్‌లో ఉన్నదాన్ని ఎప్పుడూ సరిగ్గా పేల్చని చెయ్యి అందుకోవాలి.

నాకూ అదే జరిగింది. మావారి స్టోర్‌లో ఒకసారి కత్తి చూపించి డబ్బు పట్టుకుపోయాక, ఆ వారంలోనే వెళ్లి షాపులో అన్నిటికన్నా తేలికైన రివాల్వర్ కొన్నాను. తొలిరోజు పది రౌండ్లు పేల్చాను, చెయ్యి వాచింది. తర్వాత ఎనిమిది నెలలు దాన్ని ముట్టుకోలేదు. లోపం నాలోనే ఉందనుకున్నాను. రేంజ్‌లో ఒక పెద్దాయన తన పాత స్మిత్ అండ్ వెసన్ మోడల్ 36 రివాల్వర్ నా చేతికిచ్చేదాకా నాకు అసలు విషయం అర్థం కాలేదు. 1950లో వచ్చిన డిజైన్ అది, మొత్తం స్టీల్. మొదటి అయిదు గుండ్లూ కాగితం మీదే పడ్డాయి. ఆ రోజు ఇంటికొచ్చి మావారితో పొద్దుపోయేదాకా దాని గురించే మాట్లాడాను.

అందుకే శనివారం కూడా అదే పని చేశాను. నా స్టీల్ రివాల్వర్‌లో 148 గ్రెయిన్ల (దాదాపు తొమ్మిదిన్నర గ్రాముల) వాడ్‌కటర్లు వేసి ఆవిడకిచ్చాను. టార్గెట్ షూటింగ్ కోసం చేసిన తూటాలవి, మెల్లగా తంతాయి. ఏడు గజాల దూరంలో టిఫిన్ ప్లేటంత కాగితం పెట్టాను. ఆరింటిలో అయిదు తగిలాయి. ఆవిడ కాగితం దగ్గరికి వెళ్లి చిల్లుల్లో వేలు పెట్టి చూసుకుంది. ఆయన ఏమీ మాట్లాడలేదు.

"తేలికగా ఉంటే ఆడవాళ్లకి మంచిది" అన్న మాట అమెరికాకే పరిమితం కాదు. 2014లో ఇండియాలో కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ నుంచి ఆడవాళ్ల కోసమని "నిర్భీక్" రివాల్వర్ వచ్చినప్పుడు కూడా 500 గ్రాముల బరువు గురించే గొప్పగా చెప్పారు. అది .32 కాబట్టి చేతిని అంతగా బాధించదు. ఇక్కడి, మామూలు .38 కన్నా ఎక్కువ ప్రెషర్‌తో పేలే .38 ప్లస్ పి తూటాతో దాన్ని పోల్చుకుని "ఇంటి దగ్గర మా మేనత్త కూడా తేలిగ్గా పేల్చేది" అనుకోకండి.

మరి ఏం కొనాలి? బడ్జెట్ 400 డాలర్లయితే నేను మొదట చూడమనేది టారస్ 856 స్టీల్ మోడల్. ఆరు రౌండ్లు పడతాయి, 620 గ్రాములకి కాస్త అటూఇటూ ఉంటుంది. నేను చూస్తున్న ధర మూడు వందల పైచిలుకు. చార్టర్ ఆర్మ్స్ అండర్‌కవర్ కూడా ఇంచుమించు ఆ ధరలోనే దొరుకుతుంది. అదీ స్టీలే, కానీ 450 గ్రాములే కాబట్టి గట్టిగానే తంతుంది. ఇంకొంచెం పెట్టగలిగితే స్మిత్ అండ్ వెసన్ 642, రూగర్ ఎల్‌సీఆర్. రెండూ మంచి గన్‌లే, ఎల్‌సీఆర్ ట్రిగ్గర్ నాకు చాలా ఇష్టం. కానీ రెండూ 400 గ్రాములకి అటూఇటూ ఉండేవే, పైన చెప్పిందంతా వాటికీ వర్తిస్తుంది. అవే కావాలనుకుంటే వేళ్లన్నీ పట్టే రబ్బర్ గ్రిప్ వేయించుకోండి. తక్కువ ఖర్చుతో చేతికి అంత సుఖం ఇంకేదీ ఇవ్వదు. జేబులో కాకుండా నడుముకి పెట్టుకునేవాళ్లయితే ఈ 200 గ్రాముల తేడా అసలు తెలియదు. సరైన బెల్ట్, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) ఉంటే చాలు. జేబులో పెట్టినా హోల్‌స్టర్ ఉండాల్సిందే, ఆ జేబులో తాళంచెవులు, చిల్లర ఏవీ ఉండకూడదు.

కొనేముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని పేల్చి చూడండి. పట్టుకుని చూస్తే బరువే తెలుస్తుంది, దెబ్బ తెలియదు.

అపోహ: రివాల్వర్ ఎప్పుడూ జామ్ కాదు.

తక్కువగా అవుతుంది. అయితే మాత్రం అక్కడికక్కడ బాగుచేయడం దాదాపు అసాధ్యం. తేలిక గన్‌లలో ఇంకో సమస్య ఉంది. గన్ వెనక్కి తన్నే ఊపుకి, ఇంకా పేలని తూటాల్లో ముందుండే బుల్లెట్, దాన్ని పట్టుకున్న కేసులోంచి కొద్దికొద్దిగా ముందుకి జారుతుంది. కాస్త ఎక్కువ జారిందంటే తూటాలుండే సిలిండర్ తిరగదు. నా స్టూడెంట్ ఒకాయనకి నాలుగో రౌండ్ తర్వాత అలాగే ఆగిపోయింది, ఎంత లాగినా ట్రిగ్గర్ కదల్లేదు. మీరు క్యారీ చేయాలనుకున్న తూటాలు అయిదు వేసి నాలుగు పేల్చండి. అయిదోదాన్ని బయటికి తీసి, పెట్టెలోని కొత్తదాని పక్కన పెట్టి పొడవు కొలవండి. పెరిగిందా, ఆ బ్రాండ్ ఆ గన్‌కి పనికిరాదు. అలాగే కాల్చిన కేసులు తీసేటప్పుడు గొట్టం ఆకాశం వైపు ఉంచండి. కాలని మందు పొడి, కేసుల్ని బయటికి తోసే ఎక్స్‌ట్రాక్టర్ కింద చేరితే సిలిండర్ మూసుకోదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

.38 కన్నా శక్తి ఎక్కువున్న తూటా .357. ఆ తూటా పట్టే గన్ కొంటే .38 కూడా వేసుకోవచ్చన్నది నిజం. అందుకని గొట్టం రెండంగుళాలే ఉన్న చిన్న గన్‌లో .357 పేల్చమని కాదు. చెవులు మోగే శబ్దం, కళ్లు మూసుకుపోయే మంట తప్ప, కొత్తవాళ్లకి కలిగే లాభం లేదు. .38 గన్‌లో మాత్రం .357 ఎప్పుడూ పెట్టకూడదు. సేఫ్టీ బటన్ లేదు కాబట్టి కింద పడితే పేలుతుందన్నది ప్రతిసారీ హ్యామర్‌ని చేత్తో లాగాల్సిన పాత సింగిల్ యాక్షన్ల నాటి భయం. ఇప్పటివాటిలో, ట్రిగ్గర్ లాగితే తప్ప పేలకుండా చూసే ట్రాన్స్‌ఫర్ బార్ గానీ హ్యామర్ బ్లాక్ గానీ ఉంటుంది. ఖాళీ గన్‌తో డ్రై ఫైర్ చేస్తే, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ లాగితే, పాడవుతుందంటారు. చిన్న .22 రిమ్‌ఫైర్ తూటాల గన్ అయితే వద్దు, ఇప్పటి .38కి ఏమీ కాదు. రోజూ పది నిమిషాలు చేయండి, తూటాలు వేరే గదిలో పెట్టి. హాలో పాయింట్ (కొన గుంటగా ఉండి, తగలగానే విచ్చుకునే తూటా) వేస్తే చాలనుకుంటారు, రెండంగుళాల గొట్టంలో వేగం తగ్గి అవి అన్నీ విచ్చుకుంటాయని లేదు. చిన్న గొట్టం కోసం చేసినవి చూసి కొనుక్కోండి, లేదా నాలాగా వాడ్‌కటర్లే వేసుకోండి.

సెకండ్ హ్యాండ్ అంటే భయపడక్కర్లేదు, చూసి తీసుకోవాలి అంతే. షాపువాళ్లని అడిగి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, హ్యామర్ ఉన్నదయితే నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ నిలిచేలోపే సిలిండర్ టక్కుమని లాక్ అవ్వాలి. సిలిండర్‌లో తూటా పట్టే అన్ని గదులకీ అలాగే చూడాలి. సిలిండర్ ముందుకీ వెనక్కీ ఆడకూడదు. కేసుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్ వంగి ఉండకూడదు. గొట్టం వెనక అంచున చిన్న పగులు కనిపించినా వదిలేయండి, ఎంత చవకగా ఇచ్చినా సరే.

ఇప్పుడు గ్రీన్ కార్డు సంగతి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు, చట్టం అడ్డు లేకపోతే, లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. దీన్ని పట్టుకుని "ఇక్కడ ఎవరైనా కొనుక్కోవచ్చు" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఆ జంటకి గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి కొనగలిగారు. కానీ హెచ్1బి, హెచ్4, ఎఫ్1, ఎల్1, ఏ నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్నా ఫెడరల్ చట్టం ప్రకారం గన్ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు, రేంజ్‌లో అద్దెకి తీసుకోవడంతో సహా. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, నిజమే. కానీ అది మీకు వర్తిస్తుందో లేదో తేల్చాల్సింది ఇమిగ్రేషన్ లాయర్, గ్రూపులో ఫార్వర్డ్ చేసినవాడు కాదు. వీసా మీదున్న ఫ్రెండ్ కోసం మీ పేరు మీద కొనిస్తే పదిహేనేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఇలాంటి కేసుల్లో డిపోర్టేషన్ కూడా ఉంటుంది. ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చి "అక్కా, ఒక్కసారి పేల్చి ఫొటో దిగుతాను" అంటే స్టేటస్ అడిగి వెనక్కి పంపించాను. చిన్నబుచ్చుకున్నాడు. నాకూ బాధేసింది, కానీ అతని ఎదర ఇంకా చాలా జీవితం ఉంది.

ఇంట్లో పిల్లలుంటే గన్ కన్నా ముందు లాక్‌బాక్స్ కొనండి. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేయడం నేరం. స్టోర్‌లో ఉంటే, దోచుకోవడానికి వచ్చి డబ్బు అడిగినవాడికి డబ్బు ఇచ్చేయండి. క్యాష్‌ని గంటగంటకీ డ్రాప్ సేఫ్‌లో (వేశాక తాళం లేకుండా తీయలేని పెట్టె) వేయండి, బయట లైట్లు పెంచండి. నా దగ్గరికొచ్చే స్టోర్‌వాళ్లందరికీ మొదటి క్లాసులో ఈ మాటే చెప్తాను, గన్ గురించి తర్వాతే.

ఆ జంట మొన్న ఫోన్ చేశారు. కొన్న చోటే వెనక్కి ఇస్తే 160 డాలర్లు తగ్గించి ఇస్తామన్నారట. ఆయన ఆ నష్టం గురించి చాలాసేపు బాధపడ్డారు. ఇంతలో ఆవిడ ఫోన్ తీసుకుని, వచ్చే శనివారం కూడా ఆ వాడ్‌కటర్లే తెమ్మంటారా అక్కా, ఒక పెట్టె చాలా, రెండు తేవాలా అని అడిగింది. రెండు తెమ్మన్నాను.