సూర్యచంద్రులున్న రాయి కింద లంకెబిందెలు ఉండవు

పొద్దుగూకాక కొత్త నంబరు నుంచి ఫోనొస్తే నాకు సగం విషయం ముందే తెలిసిపోతుంది. "సార్, మా చెలకల రాయి బయటపడ్డది. మీద సూర్యుడు, చంద్రుడు ఉన్నరు." తర్వాత గొంతు తగ్గించి, "ఎంత లోతుల ఉంటది సార్?"

ఏమీ ఉండదు. శాసనమంటే గుప్తనిధికి దారి చూపే రాత అనే అపోహ పాత రాతిశాసనాలు చదివే మా పనికి చేసినంత చేటు రాళ్లకు వానా ఎండా కూడా చేయలేదు. సూర్యచంద్రులను చెక్కింది ఈ దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలని. కింది రాతలో ఉండేది ఫలానా ఏడాది ఫలానావారు గుడికో, చెరువు తవ్వినవారికో ఇంత మడి ఇచ్చారని. చివర చాలావాటిలో ఓ శాపం: ఈ భూమిని కాజేసినవాడు అరవై వేలేళ్లు పెంటలో పురుగై పుడతాడని. అయినా దాచుకునేవాడు ఎవడైనా ఊరందరికీ కనబడేలా రాయి పాతి చెప్తాడా?

ఒకచోట నేను వెళ్లేసరికే రాత్రికి రాత్రి డ్రిల్లుతో రాయిని చీల్చేశారు. గుంతలో నిమ్మకాయలు, కుంకుమ. మిగిలిన ముక్క మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్దితే "చెఱువు వెనుకను రెండు మర్తు..." దాకా తేలింది. మర్తురంటే పాత భూమి కొలత. ఏ చెరువో, ఇచ్చిందెవరో చెప్పే సగం పిండైపోయింది. ఆ రైతు ఎడ్లమ్మి మంత్రగాడికి కట్టాడు. నెత్తిన కూతురి పెళ్లి అప్పు. ఆయన్ని ఏమనగలను? ఆ మంత్రగాడు మాత్రం ఈపాటికి ఇంకో ఊళ్లో ఉంటాడు.

"చెప్తే సర్కారు పొలం గుంజుకుంటది" అనే భయంతో రాళ్లను బావిలో తోసేవాళ్లూ ఉన్నారు. రాయి దొరికినంత మాత్రాన పొలం పోదు. వంద మీటర్ల దాకా కొత్తగా కట్టకూడదనే నిషేధం రక్షిత కట్టడాలుగా ప్రకటించినవాటి చుట్టూనే. ప్రకటించే ముందు అభ్యంతరాలకు రెండు నెలల గడువు కూడా ఇస్తారు. నిజంగా నాణేలో నగలో దొరికితే మాత్రం, పది రూపాయల విలువ దాటినా, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. దాస్తే ఏడాది దాకా జైలు.

ఇక "దేవలిపి, ఎవరూ చదవలేరు" అనేది ఉత్త మాట. కాకతీయుల నాటి రాత అలవాటున్నవాళ్లకు చాయ్ చల్లారేలోపు తేలిపోతుంది. కడప జిల్లా కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు ఆరో శతాబ్దివి, వాటినే చదివేశారు. పెద్ద బండలు పేర్చిన రాకాసి గుళ్లు రాక్షసులు కట్టినవీ కావు, ఇనుపయుగం సమాధులు. లోపల కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు.

రాయికి ఎనామిల్ పెయింటు పూయకండి, గాడులు నిండిపోయి అక్షరం దక్కదు. పొద్దున్నే ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, అరిగిన రాత కూడా లేస్తుంది. మొన్న ఫోన్ చేసినాయనకూ ఇదే చెప్పి, కొలత కోసం పక్కన ఏదైనా పెట్టమన్నాను. ఆయన గడ్డపార పెట్టారు.