ఎండలో నిలబడితే సరిపోదా? లైట్ ట్రీట్‌మెంట్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: "అదీ వెలుతురే కదా, ఎండలో నిలబడితే పోదా?"

మైకోసిస్ ఫంగాయిడిస్ అంటే చర్మం మీద మచ్చలుగా మొదలయ్యే ఒక రకం క్యాన్సర్. ఆ పేషెంట్లకు యూవీ (అతినీలలోహిత) లైట్ పెట్టడం నా పని. ఈ ఒక్క మాట వినీ వినీ విసుగొచ్చింది.

వాస్తవం: ఈ మచ్చలు ఎక్కువగా వచ్చేది పిరుదులు, తొడలు, నడుము మీద. అంటే ఎండ తగలని చోట్లే. మిట్టమధ్యాహ్నం నిలబడితే మాడేది మాత్రం ముఖం, చేతులు. క్యాబిన్‌లో వాడే నారోబ్యాండ్ యూవీబీ, అంటే యూవీ కిరణాల్లో ఒక సన్నని భాగం మాత్రమే, 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. ఎండలో దానితో పాటు ఇంకా చాలా కిరణాలు కలిసి వస్తాయి, ఎంత డోస్ పడిందో ఎవరూ చెప్పలేరు. మేం చర్మం తట్టుకునే తీరు చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుతాం. సాధారణంగా వారానికి మూడు సిట్టింగులు, అదీ నెలల తరబడి.

ఒకాయన పది సిట్టింగులయ్యాక మానేశారు. నలభై రోజుల తర్వాత భుజాలు తోలు ఊడి వచ్చారు. నడుము మీద మచ్చలు ఉన్నవి ఉన్నట్టే. "ఎండ ఫ్రీ కదా అనుకున్నా" అన్నారు. అంత గ్యాప్ వచ్చాక పాత డోస్ ఇవ్వలేం, మళ్లీ మొదటి నుంచే. కోపం వచ్చింది కానీ తప్పు నాదీ ఉంది, మొదటి రోజే ఇదంతా చెప్పలేదు. సిగ్గుపడి బనియన్ విప్పని వాళ్లకూ అప్పట్నుంచే చెబుతున్నా: గుడ్డ ఉన్నచోట లైట్ పడదు, మచ్చా పోదు. గాగుల్స్, మగవాళ్లకు మర్మావయవాల మీద కవర్ మాత్రం తప్పనిసరి.

మిగతావి గబగబా. పేరు చూసి ఫంగస్ అనుకోకండి. గడ్డలు పుట్టగొడుగుల్లా కనిపించాయని ఫ్రెంచ్ డాక్టర్ అలీబెర్ 19వ శతాబ్దంలో పెట్టిన పేరది. ఇది అంటుకోదు. జుట్టు రాలుతుందా? రాలదు, ఇది కోబాల్ట్ రేడియేషన్ కాదు. పూవా (చర్మం వెలుతురుకు స్పందించేలా చేసే సోరలెన్ మందు ఇచ్చి యూవీఏ లైట్ పెట్టే పద్ధతి) వాళ్లు ఆ మాత్ర వేసుకున్న రోజు ఎండకు దూరంగా ఉండాలి, యూవీ అద్దాలు తీయకూడదు.

"లైట్‌తోనే కొత్త క్యాన్సర్ రాదా?" ఈ భయం ఉత్తదేం కాదు. పూవా సిట్టింగులు వందల్లోకి వెళితే రిస్క్ పెరుగుతుంది. అందుకే ప్రతి సిట్టింగ్ లెక్క రాస్తాం.

క్యాన్సర్ అన్న మాటకే చేతులు వణికేవాళ్లను రోజూ చూస్తుంటాను. తొలి దశలో, కొద్దిపాటి మచ్చలతో ఉన్నవాళ్లలో చాలామంది అందరిలాగే నిండుగా బతుకుతారు. ఆ టెన్షన్‌లో సిట్టింగులు మాత్రం ఎగ్గొట్టకండి. మచ్చ కనబడట్లేదని మీ అంతట మీరే ఆపకండి కూడా, ఎప్పుడు తగ్గించాలో డాక్టర్ చెబుతారు.