బోర్డు మీద పేరు, బోనులో లీమర్

బూడిదరంగు ముఖం, ఎర్రమట్టి చాయ కలిసిన గోధుమరంగు బొచ్చు, నారింజ రంగు కళ్లు. జూలో ఎన్‌క్లోజర్ బయట బోర్డు మీద ‘కాలర్డ్ బ్రౌన్ లీమర్’ అని రాసి ఉంది. లీమర్ అంటే మడగాస్కర్ దీవిలో ఉండే, కోతులకు దూరపు చుట్టమైన జంతువు. లోపల ఉన్నది మగదైతే ఆ పేరు నిజమో కాదో త్వరగానే తేలిపోతుంది. చెంపల మీద గుబురు గడ్డం నారింజ-గోధుమ రంగులో ఉంటే అది కాలర్డ్, తెల్లగా ఉంటే గ్రే హెడెడ్ లీమర్. ఆడదైతే మాత్రం కంటితో తేల్చడం దాదాపు అయ్యే పని కాదు. ఈ రెండు జాతుల ఆడవి అంతగా ఒకేలా ఉంటాయి. మడగాస్కర్ ఆగ్నేయంలో మననార నదికి దక్షిణాన కాలర్డ్, ఉత్తరాన గ్రే హెడెడ్ నివసిస్తాయి. అడవిలోనైతే ఏ ఒడ్డున కనిపించిందో చూస్తే సరిపోతుంది. జూలో నది ఉండదు.

పేరు తప్పితే జరిగే నష్టం బోర్డుతో ఆగదు. గ్రే హెడెడ్ లీమర్ అంతరించే అంచున ఉన్న జాతి. దాని ఆడదాన్ని పొరపాటున కాలర్డ్ మగదానితో జతచేస్తే పుట్టేవన్నీ సంకరాలే, ఏ జాతి సంరక్షణకూ పనికిరావు. ఆ తల్లి పిల్లల్ని కనగలిగిన ఏళ్లు అలా చేజారిపోతాయి. ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2020 అంచనాలో 107 లీమర్ జాతులకు 103 ముప్పులో ఉన్నాయని తేలింది. అందులో 33 అత్యంత ప్రమాద స్థితిలో ఉన్నాయి. ఈ లెక్క తెలిశాక ఒక్క ఆడ లీమర్ పేరును కూడా తేలిగ్గా తీసుకోలేం.

తెలుగువాళ్లకు లీమర్ పోలికలు చెప్పాలంటే దేవాంగపిల్లిని చూపించడం మంచిది. శేషాచలం అడవుల్లో తిరిగే ఈ చిన్న నిశాచరి లీమర్లకు దాయాది. తడి ముక్కు, కింది దవడలో దువ్వెనలా ముందుకు వాలిన పళ్లు, కాలి రెండో వేలికి మాత్రం గోకడానికి పనికొచ్చే పొడవాటి గోరు ఇద్దరికీ ఉంటాయి. (ఆయె-ఆయె అనే లీమర్‌కు ఆ దువ్వెన పళ్లు లేవు. సన్నటి మధ్యవేలు చూస్తే దాన్ని ఎవరూ పొరబడరు.) తేడా తోకలో ఉంది. దేవాంగపిల్లికి తోక కనబడదు, జూలలో ఉండే లీమర్లన్నిటికీ పొడవాటి తోక ఉంటుంది.

కొన్ని జాతులను గుర్తించడం తేలికే. నలుపు తెలుపు పట్టీల తోక చూడగానే రింగ్ టెయిల్డ్ అని పిల్లలు కూడా చెప్పేస్తారు. ఒళ్లంతా ఎర్రగా, మెడ వెనక తెల్ల మచ్చతో, నల్ల ముఖం నల్ల తోకతో ఉంటే రెడ్ రఫ్డ్. చిక్కంతా బ్రౌన్ లీమర్లలో, వాటి దగ్గరి బంధువుల్లో ఉంది. అక్కడ మొదట ఆడో మగో తేల్చుకుని, ఆ తర్వాతే రంగు చూడాలి. వైట్ ఫ్రంటెడ్ మగదాని తల నుదురు సహా తెల్లగా ఉంటుంది, ఆడదాని తలలో తెలుపే ఉండదు. గ్రే హెడెడ్ మగదానికి తెలుపు చెంపల దగ్గరే, నుదురు బూడిదరంగు. మంగూస్ లీమర్ పిల్లలు ఆడైనా మగైనా తెల్ల గడ్డంతో పుడతాయి, మగవాటికి తర్వాత ఎర్రబడుతుంది. బ్లాక్ లీమర్‌కు చెవుల మీద కుచ్చులు ఉంటాయి. దాని దగ్గరి బంధువు బ్లూ ఐడ్ బ్లాక్ లీమర్‌కు కుచ్చులు లేవు, కళ్లు నీలం. కళ్లు నీలం కాక, కుచ్చు కూడా అరకొరగా ఉన్న జంతువు కనిపిస్తే సంకరమేమోనని అనుమానించాలి.

ఫొటోలు తీసేటప్పుడు ముఖం ఎదురుగా, రెండు పక్కల నుంచి, వీపు, ఛాతీ, తోక మొదలు నుంచి కొస దాకా, ఇలా కనీసం ఆరు కావాలి. నీడలో తీయాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో గోధుమ రంగు నారింజలా కనిపిస్తుంది, ట్యూబ్‌లైట్ కింద పాలిపోతుంది. అందుకే ఫ్రేమ్‌లో ఒక మూల తెల్ల కాగితం ఉంచితే తర్వాత రంగు సరిచూసుకోవచ్చు. బొచ్చు రాలే కాలంలో తీసిన ఫొటో ఒక్కటే పట్టుకుని తీర్పు ఇవ్వకూడదు.

తర్వాత రికార్డులు. ఇక్కడ మనుషుల పొరపాట్లకన్నా పేర్ల మార్పులే ఎక్కువ తికమక పెడతాయి. గ్రే హెడెడ్ లీమర్‌కు 1975లో ‘అల్బోకొల్లారిస్’ అని ఉపజాతి పేరు పెట్టారు. 1988లో బ్రౌన్ లీమర్లన్నిటినీ ‘యూలీమర్’ ప్రజాతిలోకి మార్చారు. 1890 నాటి పాత పేరు ‘సినెరెయిసెప్స్’ కూడా ఇదే జంతువుదని 2008లో తేలడంతో, ముందు పెట్టిన ఆ పేరే నిలిచింది. ఒకే వంశం మూడు కార్డుల్లో మూడు పేర్లతో కనిపించవచ్చు. దీనికి తిరగబడ్డ చిక్కూ ఉంది. 2008లోనే సిరిబిహినా నదికి దక్షిణాన ఉండే వాటిని ‘రూఫస్’ నుంచి విడదీసి ‘రూఫిఫ్రాన్స్’ అన్నారు. కాబట్టి పాత కార్డులో ‘రూఫస్’ అని ఉంటే అది ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు. జంతువు చర్మం కింద పెట్టిన మైక్రోచిప్ నంబరు పట్టుకుని తల్లి, అమ్మమ్మ మీదుగా అడవి నుంచి వచ్చిన మొదటి జంతువు దాకా వెళ్లాలి. అది ఏ నదికి ఏ పక్కన పట్టుబడిందో ఎక్కడైనా రాసి ఉంటే, ఆ ఒక్క వాక్యం పది ఫొటోలకు సమానం.

అప్పటికీ తేలకపోతే డీఎన్ఏ. దీనికి జంతువును పట్టుకోనక్కరలేదు, ఉదయాన్నే పడిన తాజా పెంట చాలు. పేగు గోడ కణాలు దాని పైపొర మీద అంటుకుని ఉంటాయి, అందుకే లోపలి భాగం కాకుండా ఉపరితలం తీసుకోవాలి. కందిగింజ కంటే కాస్త పెద్ద ముక్కను కనీసం అయిదింతల 95 శాతం ఎథనాల్‌లో ఒక రోజు నాననిచ్చి, తర్వాత తేమ పీల్చే సిలికా జెల్ మీద ఆరబెట్టాలి. హైదరాబాద్ మే నెల వేడిలో ఊరికే కవర్లో వేసి మధ్యాహ్నం దాకా వదిలేస్తే డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఫార్మలిన్‌లో వేయడం ఇంకా పెద్ద తప్పు. పోస్ట్‌మార్టం గదిలో చేతికందేది అదే గనక ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. ఫార్మలిన్ డీఎన్ఏను ప్రొటీన్లతో ముడివేసేస్తుంది, పరీక్షకు పనికిరాకుండా పోతుంది.

జాతిని గుర్తించే ఈ పద్ధతికి హైదరాబాద్‌తో దగ్గరి సంబంధం ఉంది. అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో సైటోక్రోమ్ బి జన్యువులో 472 అక్షరాల ముక్కను ఎన్నో రకాల జంతువుల నుంచి చదవగలిగే సార్వత్రిక ప్రైమర్లను (కావలసిన జన్యు ముక్కను పట్టుకునే చిన్న డీఎన్ఏ తునకలను) ప్రచురించారు. తోలు, మాంసం ఏ జంతువుదో తేల్చాల్సిన వన్యప్రాణి కేసులకు అవి ఆయుధమయ్యాయి. అయితే సార్వత్రికమంటే మనిషి డీఎన్ఏ కూడా అందులో పడుతుంది. గ్లవ్స్ లేకుండా నమూనా తీస్తే కీపర్ చేతి కణాలే ఫలితంగా రావచ్చు. అందుకే ఏ నమూనా వేయని ఖాళీ ట్యూబును కూడా పక్కనే నడిపి చూస్తారు.

ఇంకో పరిమితి ఇంతకన్నా ముఖ్యమైనది. సైటోక్రోమ్ బి కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోది, తల్లి నుంచే వస్తుంది. గ్రే హెడెడ్ తల్లికి కాలర్డ్ తండ్రితో పుట్టిన సంకరం ఈ పరీక్షలో నిక్షేపంగా గ్రే హెడెడ్ అనే వస్తుంది. తండ్రి పక్క కనబడాలంటే ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏ గుర్తులు చదవాలి, లేదా క్రోమోజోములు లెక్కపెట్టాలి. గ్రే హెడెడ్‌కు 48, కాలర్డ్‌కు 50 నుంచి 52, మిగతా బ్రౌన్ లీమర్లకు 60. లెక్క సులువుగా ఉందనిపిస్తుంది, కానీ మోసం ఇక్కడే ఉంది. 52 ఉన్న కాలర్డ్ నుంచి 26, గ్రే హెడెడ్ నుంచి 24 వస్తే సంకరానికి 50 అవుతాయి. అది మామూలు కాలర్డ్ సంఖ్యే! అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకూడదు, బ్యాండింగ్ చేసి (క్రోమోజోముల మీద చారలు కనబడేలా రంగు వేసి) జతలు జతలుగా సరిపోల్చాలి. ఈ పరీక్షకు బతికున్న కణాలు కావాలి. ఏటా చేసే ఆరోగ్య పరీక్షలో మత్తు ఇచ్చినప్పుడే రెండు మూడు మిల్లీలీటర్ల రక్తాన్ని ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో తీయాలి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబు డీఎన్ఏకు బాగుంటుంది గానీ కణాలను పెంచడానికి మంచిది కాదు. ఫ్రీజర్‌లో పెడితే కణాలు చచ్చిపోతాయి.

ఇన్ని చేశాక కూడా ఒక ఆడ లీమర్ తేలకుండా మిగిలిపోవచ్చు. అప్పుడు కార్డు మీద ‘యూలీమర్, జాతి నిర్ధారణ కాలేదు’ అనే రాయాలి. ఏయే పరీక్ష ఏ తేదీన చేశారో కింద చేర్చాలి. దాన్ని మగవాటితో కలపకుండా ఉంచి, డీఎన్ఏ నమూనాలో సగం మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి, పక్కన మైక్రోచిప్ నంబరు రాసి.