ఒకే గడిలో ఇందరా?

పర్లాకిమిడిలో మా ఇంటి గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి తెలుగుది, ఒకటి ఒడియాది. తెలుగు క్యాలెండరులో ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. 1863లో ఆ రోజున పుట్టిన గిడుగు రామమూర్తి మా ఊళ్ళోనే పాఠాలు చెప్పారు, సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. మా అబ్బాయికి మాత్రం అది క్రీడా దినోత్సవం, అంటే 1905లో ధ్యాన్‌చంద్ పుట్టిన రోజు. ‘‘అందరూ ఒకే రోజు పుట్టారేమిటి నాన్నా?’’ అని అడిగాడు.

నిజానికి ఆ గడిలో ఇంకా చాలామంది ఉన్నారు. 1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే సుమారు ఆరంగుళాల ఇనుప కడియానికి రెండు వైపులా రాగి తీగలు చుట్టాడు. ఒక చుట్టను బ్యాటరీకి కలపగానే, రెండో చుట్ట తీగ పక్కన ఉన్న అయస్కాంత సూచి ఒక్కసారి ఊగి ఆగిపోయింది. బ్యాటరీ తీసేయగానే మళ్ళీ ఊగింది. మధ్యలో విద్యుత్తు నిలకడగా పారుతున్నంత సేపూ దానిలో చలనం లేదు. అయస్కాంత ప్రభావం మారుతున్నప్పుడే పక్క తీగలో విద్యుత్తు పుడుతుందని అలా తేలింది. మా వీధి మొదట్లో గుయ్యిమనే ట్రాన్స్‌ఫార్మర్ ఆ కడియానికి మునిమనవడే. 1949లో ఇదే తేదీన సోవియట్ యూనియన్ తన తొలి అణుబాంబును పేల్చింది.

వీటిని కలిపే దారమేదీ లేదు. ఉన్నది లెక్క మాత్రమే. తరగతిలో 23 మంది ఉంటే, వారిలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా కలిసే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. మనుషులు 23 మందే అయినా జంటలు 253 ఉంటాయి కదా! 40 మంది ఉంటే అది 89 శాతానికి చేరుతుంది. అదే ‘నా పుట్టినరోజున ఇంకెవరైనా పుట్టారా?’ అని 23 మందిలో ఒకరు అడిగితే అవకాశం ఆరు శాతమే. మనం మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు అంటగట్టి ఆశ్చర్యపోతాం. పైగా తిథుల ప్రకారం చూస్తే ఈ కలయిక చెదిరిపోతుంది. పన్నెండు చాంద్రమాన మాసాలు కలిపితే 354 రోజులే కాబట్టి తిథి ఏటా జరుగుతూ, అధిక మాసంతో వెనక్కి వస్తూ ఉంటుంది.

అయితే అన్ని కలయికలూ ఇలా గాలివాటుగా వచ్చినవి కావు. ఒడియా క్యాలెండరులో ఏప్రిల్ 1 ఉత్కళ దివస్. 1936లో ఆ రోజునే ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అదే రోజు సింధు ప్రాంతం బొంబాయి నుంచి విడిపోయింది. సరిగ్గా ఏడాది ముందు రిజర్వు బ్యాంకు పుట్టింది. 1957లో నయా పైసలు వచ్చిందీ, 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైందీ ఏప్రిల్ 1నే. ఇదంతా ఖాతా పుస్తకం మహిమ. 1867 నుంచి మన దేశంలో ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఆ రోజునే మొదలవుతోంది. కొత్త రాష్ట్రానికి బడ్జెట్ కావాలి, కొత్త పథకానికి పద్దు కావాలి. పాత లెక్క మూసిన మర్నాడు తెరవడం గుమాస్తాకు సుఖం. రాష్ట్రాల పుట్టినరోజులు గుమాస్తాల సౌకర్యాన్ని బట్టి వస్తాయని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు గానీ, నేనైతే పిల్లలకు చెబుతాను.

మా అబ్బాయికి ఇదంతా విప్పి చెప్పాక, ‘‘మరి గిడుగు వారు ఇక్కడే ఉండిపోయారా?’’ అన్నాడు. లేదు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపాక, డెబ్బై దాటిన వయసులో ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. వాడు లేచి వెళ్ళి ఒడియా క్యాలెండరులో ఏప్రిల్ కాగితం తిప్పి చూశాడు.