వడి వేరు, వేగం వేరు: అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా పదో తరగతి, ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెప్తున్నా, ఏటా ఈ చాప్టర్ దగ్గరే బండి ఆగిపోద్ది.

అపోహ: స్పీడ్ అన్నా వెలాసిటీ అన్నా ఒకటే, తెలుగులో వేగం.
వాస్తవం: ఇక్కడే వస్తుంది చిక్కంతా. తెలుగు మీడియం పుస్తకంలో స్పీడ్‌కి వడి, వెలాసిటీకి వేగం అని ఉంటుంది, రోడ్డు మీద బోర్డేమో "అతివేగం ప్రమాదకరం" అంటుంది, రోజూ అది చదువుకుంటూ వచ్చే పిల్లాడికి వేగం అంటే స్పీడే కదా మరి! అందుకే నేను ఇలా చెప్తా. 'వడివడిగా నడిచాడు' అంటే గబగబా నడిచాడని తెలుస్తుంది, ఎటు పోయాడో తెలీదు. ఆ ఎటు అన్నది కూడా చెప్తేనే వేగం. బండి మీటర్ చూపించే 60 వడి మాత్రమే, మీరు వరంగల్ పోతున్నారో తిరిగొస్తున్నారో దానికి అనవసరం.

అపోహ: సరే సార్, అయితే వడికి దిక్కు తగిలిస్తే వేగం, అంకె మాత్రం ఒకటే.
వాస్తవం: ఏదో ఒక్క క్షణంలో చూస్తే ఒకటే, సగటు తీస్తే మాత్రం తేడా వస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. ఒక చోట ఎక్కి చుట్టూ తిరిగి రెండు గంటల్లో మళ్లీ అక్కడికే వచ్చారనుకోండి, సగటు వడి గంటకి 79 కిలోమీటర్లు, సగటు వేగం సున్నా. క్లాసంతా నవ్వుతారు, మరి పెట్రోల్ అయిపోయింది కద సార్ అంటారు. అయిపోయింది నాన్నా, కానీ స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి నేరుగా ఎంత దూరం, ఎటు అన్నది, సున్నా, ఈ లెక్కకి కావాల్సింది అదే.

అపోహ: వడి మారకపోతే త్వరణం (వేగం మారే రేటు) ఉండదు.
వాస్తవం: మలుపులో ముల్లు 40 మీదే ఉన్నా దిక్కు మారుతోంది, అంటే వేగం మారుతోంది, త్వరణం ఉన్నట్టే. ఘాట్ రోడ్డులో బస్సు తిరిగినప్పుడల్లా పక్కాయన మీద పడేది అందుకే.

అపోహ: మైనస్ వేగం అంటే స్లో అవుతోందని.
వాస్తవం: మనం ప్లస్ అనుకున్న దిక్కుకి ఎదురు పోతోందని, అంతే. పైకి విసిరిన బంతి కిందికి దిగేటప్పుడు, పైదిక్కు ప్లస్ అనుకుంటే వేగం మైనస్సే, కానీ గాలి సంగతి పక్కన పెడితే వడి ప్రతి సెకనుకీ 'సెకనుకి 9.8 మీటర్ల' చొప్పున పెరుగుతూనే ఉంటుంది. అదే బంతి పై కొసన ఉన్న క్షణంలో వేగం సున్నా, కాబట్టి త్వరణం కూడా సున్నా అని టిక్ పెట్టి మార్కు పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో. అక్కడా 9.8 ఉంటుంది, లేకపోతే బంతి అక్కడే వేలాడాలి కదా.