బాగ్దాద్ కోసం గీసిన హాలు, అరిజోనాలో

పాత ఆడిటోరియంలో లిఫ్ట్ పెడదామన్నా, బాత్‌రూములు పెంచుదామన్నా మొదట వచ్చే అభ్యంతరం ఒకటే: అసలు రూపం చెడిపోతుంది. అమెరికాలో టెంపీ పట్టణంలో, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న గ్యామేజ్ ఆడిటోరియం విషయంలో ఆ మాట అనేముందు దాని పుట్టుక తెలుసుకోవాలి.

1957లో ఇరాక్ ప్రభుత్వం బాగ్దాద్‌లో ఒపెరా హౌస్ కోసం అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ను పిలిపించింది. తొంభైకి దగ్గరపడిన వయసులో ఆయన గుండ్రటి భవనం ఒకటి గీశారు. 1958 జూలైలో తిరుగుబాటు జరిగింది, రాజు రెండో ఫైసల్‌ను చంపేశారు, ఒపెరా హౌస్ కాగితాల మీదే ఆగిపోయింది. అదే ఏడాది అరిజోనా ఓటర్లు టెంపీలోని స్టేట్ కాలేజీని యూనివర్సిటీ చేశారు. దాని అధ్యక్షుడు గ్రేడీ గ్యామేజ్‌కు రైట్ స్నేహితుడు. పెద్ద హాలు కావాలని ఆయన అడిగితే, బాగ్దాద్ ఆలోచనకే రైట్ కొత్త రూపమిచ్చారు.

1959 ఏప్రిల్‌లో రైట్, డిసెంబరులో గ్యామేజ్ చనిపోయారు. పని ఆగిపోవాల్సిందే. కానీ రైట్ శిష్యుడు విలియం వెస్లీ పీటర్స్ డ్రాయింగులు పూర్తిచేసి, 1962లో మొదలైన నిర్మాణాన్ని చివరిదాకా నడిపించారు. 1964 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కచేరీతో హాలు తెరుచుకుంది. రైట్ పేరు మాత్రమే తలుచుకుని పీటర్స్‌ను మరిచిపోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

బయట 50 ఎత్తైన స్తంభాలు గుండ్రంగా నిలబడి ఉంటాయి. అసలు గొప్పతనం లోపలుంది. దాదాపు 3,000 సీట్లున్నా, చివరి సీటు కూడా స్టేజీకి 115 అడుగుల లోపే. మధ్య బాల్కనీ వెనుక గోడకు ఆనుకోదు. 145 అడుగుల ఉక్కు దూలం దాన్ని మోస్తుంది. ఆ ఖాళీలోంచి ధ్వని వెనక్కి తిరిగి, బాల్కనీ కింద కూర్చున్నవాళ్లకూ చేరుతుంది. వరుసల మధ్యలో నడవా లేదు. సీట్లు బారుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగుతాయి. మధ్యలో సీటు దొరికిన పెద్దవాళ్లకు ఇది నిజంగా ఇబ్బందే.

1985లో ఈ భవనం అమెరికా జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేరింది. నా దృష్టిలో ముట్టుకోకూడనివి రెండే: ఆ బాల్కనీ వెనుక ఖాళీ, స్టేజీకి సీట్లకు మధ్య దూరం. లిఫ్టుకూ బాత్‌రూములకూ ఈ రెంటితో పేచీ లేదు.